సెయిబో చిరునామా

ఆ ఏడు పరానా నది బాగా తగ్గిపోయింది. దీవుల్లో గడ్డి ఎండేసరికి పశువుల కామందులు దానికి నిప్పు పెట్టడం మొదలుపెట్టారు. గాలి ఎటు తిరిగితే అటు పొగ. మా విక్టోరియా ఊళ్ళో ఉతికిన బట్ట ఆరేసుకునే దిక్కు లేకుండా పోయింది. నా మందుల షాపులో దగ్గు మందు తెచ్చింది తెచ్చినట్టే అయిపోయేది. ఎవరు తగలబెడుతున్నారో అందరికీ తెలుసు, రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ రుజువులు పోగు చెయ్యడానికే మేం కొందరం ఒక సంఘంగా ఏర్పడ్డాం. సంఘానికి పెద్ద దిక్కు దెల్ఫీనా ఒసూనా. రిటైరైన భూగోళం టీచరు. ఊళ్ళో సగం మందికి పాఠం చెప్పింది కాబట్టి ఆవిణ్ణి అందరూ ప్రొఫె అనే పిలుస్తారు, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా.

మొదట్లో అందరిలాగే మేమూ ఫోన్లలో మామూలు గ్రూపే పెట్టుకున్నాం. అందులో ఎవరి నంబరు ఎవరికైనా కనపడుతుంది. రుఫీనో కెస్లర్ అని మాలో ఒక తేనెటీగల పెంపకందారు ఉన్నాడు, దీవిలో పెట్టెలన్నీ కాలిపోయాక సంఘంలో చేరాడు. డీజిల్ డ్రమ్ముతో పడవ దిగుతున్న ఇద్దరు మనుషుల్ని ఫోటో తీసి ఆ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా అది వాళ్ళ పెద్దపాలేరు చేతిలో ఉంది, కింద రుఫీనో నంబరుతో సహా. మర్నాడు అతని పడవ అడుగున ఎవరో చిల్లు పెట్టారు.

ఇక లాభం లేదని ప్రొఫె వేరే దారి వెతకడం మొదలుపెట్టింది. ఆవిడకి నచ్చిన పద్ధతి ఒకటి దొరికింది. అది ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఉండదు. ఎవరికి వాళ్ళు సర్వర్ పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లో ఉన్నవాళ్ళు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్ళకి రాసుకోవచ్చు. రాసిన మాట రాసినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప మధ్యలో ఎవరికీ కనపడదు. ఫోన్ నంబరు అక్కర్లేదు, సొంత పేరు అక్కర్లేదు. ఏదో ఒక మారుపేరు, దాని వెనక సర్వర్ పేరు, అదే చిరునామా.

సర్వర్ ఎంచుకోవడానికి ఆవిడ పట్టిన పట్టు చూస్తే, కూతురికి సంబంధం చూస్తున్నట్టు ఉండేది. ఒకటి మరీ దూరదేశంలో ఉందంది. ఒకటి ఎవరు నడుపుతున్నారో చెప్పడం లేదంది. ఒకదాని వాళ్ళు ఉత్తరానికి జవాబివ్వలేదని పక్కన పెట్టేసింది. రుఫీనో విసిగిపోయి, ఇంతసేపట్లో దీవులు కాలడం, మళ్ళీ పచ్చగా మొలవడం కూడా అయిపోతుంది అన్నాడు. చివరికి ఆవిడ పాత విద్యార్థి ఒకడు తేలాడు. ఎసెకియేల్ బ్రోందో. వంతెనకి అవతల రొసారియోలో ఉంటాడు. సొంతంగా ఒక సర్వర్ నడుపుతున్నాడు. దాని పేరు సెయిబో. నిజాయితీ గలవాడు, క్లాసులో కాపీ కొట్టడం ఎరగడు అని ప్రొఫె హామీ ఇచ్చింది. నచ్చకపోతే ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు ప్రొఫె, ఇందులో బంధనాలేవీ లేవు అని అతనూ చెప్పాడట.

అలా మేమందరం సెయిబోలో చేరాం. ప్రొఫె బిగువా అనే నీటికాకి పేరు పెట్టుకుంది. మాలో ముసలివాళ్ళే ఎక్కువ కావడంతో పాస్‌వర్డ్‌లు మర్చిపోయి నా షాపు ముందు వరస కట్టేవాళ్ళు. నేను ముందు రక్తపోటు చూసి, తర్వాత పాస్‌వర్డ్ చూసేదాన్ని.

కష్టపడ్డందుకు ఫలితం దక్కింది. దీవిలో ఒక పశువుల దొడ్డిలో వంట చేసే ఎయులోహియా అనే ఆవిడ మాకు సమాచారం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ దొడ్డిని చూసుకునేది రుఫీనో పడవకి చిల్లు పెట్టించిన పెద్దపాలేరే. ప్రొఫె ఒక్కసారి రేవు దగ్గర ఆవిణ్ణి కలుసుకుని, బట్టల మూటల చాటున కూర్చుని, ఆవిడ పాత ఫోన్లో యాప్ వేసి ఇచ్చింది. ఆవిడకి కొంగ అని పేరు పెట్టింది. జాగ్రత్త కోసం ప్రొఫె తన పేరు గానీ ఇల్లు గానీ చెప్పలేదు. ఆవిడకి తెలిసిందల్లా బిగువా, సెయిబో. దీవిలో సిగ్నల్ దొరకాలంటే ఆవిడ సరుకులకి పడవలో వచ్చినప్పుడు ఎత్తుగా ఉన్న గట్టు ఎక్కాలి. వీలైనప్పుడల్లా ఎక్కి, ఏ వైపు నిప్పు పెట్టారు, ఏ పడవలో వెళ్ళారు, డ్రమ్ములు ఎక్కడ దాచారు అన్నీ రాసేది, ఫోటోలు కూడా పెట్టేది. పరానా నగరంలో ఉండే మా లాయరు ఇతాతీ సోసా ఇంకో సర్వర్‌లో ఉండేది, ఒక సహకార సంఘం నడిపే సర్వర్ అది. ప్రొఫె ఆ ఫోటోలన్నీ ఆవిడకి పంపేది. ఆ ఆధారాలతోనే ప్రాసిక్యూటర్ ఒక కేసు కట్టారు.

అప్పుడు ఎసెకియేల్ తలుపు మూశాడు.

బయటి సర్వర్ల నుంచి చెత్త మెసేజ్‌లు వచ్చి పడుతున్నాయట. అందుకని సెయిబోలో ఉన్నవాళ్ళు సెయిబోలో ఉన్నవాళ్ళతోనే మాట్లాడుకోవాలి, బయటికీ లోపలికీ రాకపోకలు లేవు, ఇది తాత్కాలికం అని ఒక నోటీసు పెట్టాడు. ఆ రోజు నుంచి మా లాయరుకి మా మాట చేరడం ఆగిపోయింది. ప్రొఫె ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. ఎత్తినప్పుడు, చూస్తున్నాను అనేవాడు. ఇతాతీ అటు నుంచి మామూలు ఫోన్ చేసి, ఫోటోలేవీ, ప్రాసిక్యూటర్ అడుగుతున్నారు అని మా మీద విసుక్కునేది. ప్రొఫె బస్సెక్కి, ఫోటోలు ఒక చిన్న చిప్‌లో పెట్టుకుని తనే పరానా వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఇంతోటి దానికి ఈ యాప్ ఎందుకు, పోస్టు చేస్తే సరిపోయేది కదా అని రుఫీనో ఆవిడ మొహం మీదే అన్నాడు. ఆవిడ వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

సంఘం కూర్చుని, సెయిబో వదిలి సహకార సంఘం సర్వర్‌కి మారిపోదామని తీర్మానించింది. తీర్మానించడం తేలికే. అప్పుడు తెలిసింది, చిరునామా మనతో రాదని. బిగువా అక్కడికి పోతే అది కొత్త బిగువా, పాత బిగువాకి రాసిన మాట కొత్తదానికి చేరదు. తలుపు మూసి ఉంది కాబట్టి బయటికి వెళ్ళిన వాళ్ళు లోపల ఉన్నవాళ్ళని పలకరించలేరు కూడా. ఊళ్ళో ఉన్న మాకు ఇది పెద్ద బాధ కాదు, ఎదురుగా కూర్చుని మాతె ఆకు టీ తాగుతూ చెప్పుకోవచ్చు. ఎయులోహియా సంగతేమిటి? ఆవిడకి తెలిసింది ఒక్కటే చిరునామా. కొత్త ఖాతా తెరవడం ఒంటరిగా ఆవిడ వల్ల కాదు. దీవికి వెళ్ళి ఆరా తీస్తే పెద్దపాలేరుకి అనుమానం వస్తుంది. ఆవిడ ఒక్కతె కోసం మేమందరం సెయిబోలోనే ఉండిపోయాం.

ఇది చాలదన్నట్టు ఎసెకియేల్ ఇంకో నోటీసు పెట్టాడు. ఇకమీదట సెయిబోకి తను తయారుచేసిన కొత్త యాప్ ఒక్కటే పనిచేస్తుంది, పాతవి ఫలానా రోజు నుంచి ఆగిపోతాయి అని. ప్రొఫె చెప్పిన మాట వినే మనిషి కాబట్టి ముందుగానే పాతది తీసేసి కొత్తది వేసుకుంది. మరుసటి రోజే ఎయులోహియా నుంచి ఒక మెసేజ్ వచ్చింది. కొంగ అన్న పేరు కనపడుతోంది, వేళ కనపడుతోంది, మాట ఉండాల్సిన చోట మాత్రం ఒక బూడిదరంగు గీత. ఈ సందేశం తెరవడానికి తాళంచెవి ఈ ఫోన్లో లేదు, అని కింద రాసి ఉంది. ఆ వెనకే మరొకటి వచ్చింది, అదీ అంతే. చదవలేకపోయాను, మళ్ళీ రాయి అని ప్రొఫె జవాబు పెట్టింది. అది వెళ్ళలేదు. ఆ పక్కన గడియారం బొమ్మ అలాగే తిరుగుతూ ఉండిపోయింది.

ఆ వారమే దీవుల్లో ఎన్నడూ లేనంత పెద్ద మంట లేచింది. ప్రొఫె తన ఇంట్లో ఉన్నా, నా షాపులో ఉన్నా కుర్చీలో కూర్చుని ఆ బూడిదరంగు గీతని వేలితో నొక్కుతూనే ఉండేది, నొక్కితే తెరుచుకుంటుందేమో అన్నట్టు.  ఎయులోహియాకి ఏమన్నా అయితే ఆ గీత చూసుకుంటూ బతకాలి నేను, అంది. మర్నాడే ఇద్దరం రొసారియో బస్సెక్కాం. వంతెన పొడుగునా రెండు వైపులా పొగే, డ్రైవరు పగలే లైట్లు వేసుకుని నడిపాడు.

ఎసెకియేల్ మూతపడ్డ ఒక సైకిల్ షాపు పైన ఒంటిగదిలో ఉంటున్నాడు. మంచం పక్కన బల్ల మీద ఆ యంత్రం, దానికి ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను. గెడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, మనిషి బాగా చిక్కిపోయాడు. మాతె కలిపి ఇవ్వబోతే ప్రొఫె వద్దంది. ఆవిడ ఒకరి ఇంట్లో మాతె వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. ఫోను తీసి అతని ముందు పెట్టింది.

“తెరిచి చూపించు.”

“నాకు తెరుచుకోదు ప్రొఫె.”

“నీ సర్వరే కదా?”

“నా సర్వరే. తాళం నా దగ్గరుండదు. నీక్కూడా కనపడకూడదు అని మీరే అడిగారు, ఎన్నిసార్లు అడిగారో మీకే తెలుసు. కనపడదు. నేనిచ్చిన మాట నేను నిలబెట్టుకున్నాను.”

“ఆ తాళం నా పాత యాప్‌లో ఉండేది. ఆ యాప్ తీసెయ్యమంది నువ్వు.”

“తీసేముందు తాళం వేరే దాచుకోమని రాశాను కదా.”

“ఎక్కడ రాశావు?”

“నోటీసులోనే. కింద.”

“ఎంత కింద?”

 అతను లేచి ఫ్యాను కొంచెం పక్కకి తిప్పాడు. ప్రొఫె గొంతు పెంచలేదు. నేను ఎరిగినంతలో ఆవిడకి నిజంగా కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

“ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు అన్నావు నాతో.”

“ఇప్పుడూ అంటున్నాను. ఎవరాపారు మిమ్మల్ని?”

“వెళ్తే లోపలున్నవాళ్ళతో మాట్లాడలేను. ఉంటే బయటవాళ్ళతో మాట్లాడలేను. చిరునామా పట్టుకుపోదామంటే రాదంటావు. చుట్టూ నీళ్ళున్న నేలని ఏమంటారో నీకు మొదట చెప్పింది నేనేరా ఎసెకియేల్. పరీక్షలో రాశావు కూడా.”

అతనికి నవ్వు రాబోయి ఆగిపోయింది. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టాడు, ఎప్పటినుంచో లోపల పెట్టుకున్నట్టు ఆగకుండా మాట్లాడాడు. బయట నుంచి వచ్చి పడే చెత్తలో చూడకూడని బొమ్మలు ఉండేవట. అవి జనానికి కనపడక ముందే తనే ఒక్కొక్కటీ చూసి తీసెయ్యాలట. పొద్దున్న ఉద్యోగం, ఆ తర్వాత ఇది. సాయం చేస్తామన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే జారుకున్నారట. తలుపు మూశాక గానీ తనకి కంటి మీద కునుకు పట్టలేదట. సెయిబో మొదలుపెట్టినప్పటి నుంచి మా సంఘం వాళ్ళు తనకి రాసిన మాటల్లో ఫిర్యాదు కానిది ఒక్కటన్నా ఉందేమో చూసుకోమన్నాడు.

అది నిజం. ప్రొఫెకీ అది నిజమని తెలిసింది. చెయ్యి చాపి మాతె అందుకుంది.

“సరే. అందరికీ తెరవద్దు. ఆ సహకార సంఘం వాళ్ళ ఒక్క సర్వర్‌కి తెరువు. వాళ్ళు చెత్త పంపేవాళ్ళు కాదు.”

“తెరిస్తే అందరూ అటే పోతారు ప్రొఫె.”

“పోతే పోతారు.”

“మరి నేనింత చేసింది ఎవరి కోసం?”

 “నిన్ను చూసి ఇక్కడ ఉండిపోవాలి జనం,” అంది ప్రొఫె. “దారి లేక ఉంటే, రోజూ నిన్ను తిట్టుకుంటూ ఉంటారు. నేను తిట్టుకుంటున్నాను కదా.”

చూస్తాను అన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు ప్రొఫె దారి పొడుగునా ఆ ఒక్క మాట మీదే మండిపడింది. చూస్తాను అన్న పిల్లల హోంవర్కు తను జీవితంలో చూసి ఎరగనంది. ఏదేమైనా ఆ గీత తెరుచుకోదని తేలిపోయింది. ఇక మిగిలింది మనిషిని వెతుక్కోవడమే.

మందుల షాపు నాది కావడం అప్పుడు పనికొచ్చింది. కంటి చుక్కల సీసా ఒకటి సంచిలో వేసుకుని, వంటావిడ అడిగింది తెచ్చాను అనే వంకతో, రుఫీనో పడవలో దీవికి బయల్దేరాం. చిల్లు పూడ్చిన చోట నీళ్ళు ఊరుతుంటే ప్రొఫె డబ్బాతో తోడుతూ కూర్చుంది. నీళ్ళు తోడే యాప్ కూడా ఒకటి చూడరాదా ప్రొఫే అని రుఫీనో అంటే, ఆవిడ ఆ డబ్బాలో నీళ్ళు అతని కాళ్ళ మీద పోసింది.

పశువుల దొడ్డి దాకా వెళ్ళే సాహసం చెయ్యలేదు. దానికి ముందే వాగు మలుపులో దోన్ ఇలారియో అని ఒకాయన స్తంభాల మీద కొట్టు పెట్టుకుని ఉంటాడు, దీవుల్లో వాళ్ళందరూ సరుకులు అక్కడే కొంటారు. కంటి చుక్కలు చూపించి అడిగాను. ఆయన తాపీగా, ఎయులోహియా ఇక్కడెక్కడుంది, పెట్టె సర్దుకుని పశువుల పడవలో వెళ్ళిపోయింది కదా, విక్టోరియాలోనే, క్వింతో క్వార్తెల్‌లో త్రాన్సితో అనే అక్క ఇంట్లో ఉంది అన్నాడు. పెద్ద మంట లేవక ముందే వెళ్ళిందట. మాకు ఊపిరి వచ్చింది, దాని వెనకే ఒళ్ళు మండింది. క్వింతో క్వార్తెల్ పేట మా షాపు నుంచి నడిచి వెళ్ళే దూరం.

మేం వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో పీట మీద కూర్చుని బోగా చేపలు తోముతోంది. పొట్టి మనిషి, మొహం నిండా ఎండ. ప్రొఫెని చూసి కత్తి ఆపలేదు.

“ఇప్పటికి గుర్తొచ్చానా?”

ప్రొఫె ఏదో చెప్పబోతే చెప్పనివ్వలేదు.

“నీకు రాశాను నేను. పెద్దపాలేరు ఫోన్లన్నీ అడుగుతున్నాడు, నేనిక్కడ ఉండలేను, అక్క ఇంటికి పోతున్నా, ఇదీ ఇల్లు, వచ్చి నన్ను కలవమని రాశాను. మళ్ళీ రాశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ తర్వాత ఆ దిక్కుమాలింది నన్ను లోపలికే రానివ్వలేదు. కొత్తది వేసుకోవాలంట. నా ఫోన్లో పట్టదంట.”

“నీ మెసేజ్ అందింది ఎయులోహియా. చదవలేకపోయాం.”

“ఏం, అందరూ మాట్లాడే భాషలోనే రాశాగా?”

రుఫీనో అటు తిరిగి నిలబడ్డాడు, నవ్వు కనపడకుండా. తాళంచెవి సంగతి, కొత్త యాప్ సంగతి, మూసిన తలుపు సంగతి ప్రొఫె మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఎయులోహియా అంతా విని, చేపని తిరగేసి రెండో వైపు తోమింది.

“నాకవన్నీ తెలీవు. పని అయిపోయింది కాబట్టి వదిలేశారనుకున్నా. పోనీ నేనే వెతుక్కుంటూ వద్దామంటే నీ పేరేంటో నాకు తెలీదాయె. బిగువా ఎక్కడుంటుందీ అని ఈ ఊళ్ళో అడిగితే ఏం చెప్తారు? అదిగో, ఆ మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది చూడు అంటారు.”

అప్పుడు ప్రొఫె ఆవిడ ముందు నేల మీదే కూర్చుంది. తన పేరు చెప్పింది. దెల్ఫీనా ఒసూనా, టీచర్ని, ఇల్లు కూడలి వెనక వీధిలో, బేకరీని ఆనుకునే ఉన్న పచ్చ తలుపు ఇల్లు.

ఎయులోహియా కత్తి ఆగిపోయింది.

“ఆ బేకరీయా? నేను రోజూ రొట్టెకి వచ్చేది ఆ బేకరీకే.”

 మంట లేచిన రోజుల్లో, ప్రొఫె గోడకి ఇటు పక్క ఆ బూడిదరంగు గీత నొక్కుతూ కూర్చున్నప్పుడు, ఎయులోహియా గోడకి అటు పక్క రొట్టెల వరసలో నిలబడి ఉంది. ప్రొఫె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత గంపలోంచి ఒక చేప తీసుకుని, రెండో కత్తి ఎక్కడుందని అడిగింది.

ఆ మధ్యాహ్నం అక్కడే తిన్నాం. ఎయులోహియా డ్రమ్ములు దాచే చోటు, ఆ పెద్ద మంటకి ముందు రోజు ఎవరెవరు వచ్చారు, అన్నీ వరసగా చెప్పింది. మర్నాడు ఇతాతీ పరానా నుంచి వచ్చింది. ఎవరూ బలవంతపెట్టకుండానే ఎయులోహియా ఆవిడతో ప్రాసిక్యూటర్ ఆఫీసుకి వెళ్ళి తన నోటితో చెప్పింది. ఇక దీవికి ఎలాగూ పోయేది లేదు, భయం దేనికి అంది. కేసు ఇంకా నడుస్తోంది, నత్తలాగే నడుస్తోంది. ఆ పెద్దపాలేరుని మాత్రం దొడ్డి వాళ్ళు పనిలోంచి తీసేశారు, తమకేమీ తెలియదని చెప్పుకోవడానికి.

వానాకాలం మొదట్లో ఎసెకియేల్ సహకార సంఘం సర్వర్‌కి తలుపు తెరిచాడు. పరీక్ష కోసం అని ఒక్క ముక్క రాశాడు. ప్రొఫె అతనికి చాలా బాగుంది అని జవాబు పెట్టింది, రెండు రోజుల తర్వాత, ఇంకేం రాయాలో తోచక, ఆరోగ్యం జాగ్రత్త అని కూడా పెట్టింది. అప్పటికి మాలో సగం మంది అటు మారిపోయారు. రుఫీనో మారనన్నాడు. సెయిబో పాస్‌వర్డ్ ఒక్కటే తనకి నోటికి వచ్చిందట, చచ్చేదాకా అదేనట. ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు తాము మారామో లేదో తెలియని స్థితిలో ఉన్నారు. తలుపు మళ్ళీ ఎప్పుడు మూస్తాడోనని ప్రొఫె రెండు చోట్లా ఖాతా ఉంచుకుంది, అందుకని ఆవిడ ఫోన్లో ఇప్పుడు రెండు యాప్‌లు ఉన్నాయి. ఒకటి మోగితే రెండోది తెరుస్తుంది, అది కాదని తెలిసి మొదటిది తెరుస్తుంది, ఈలోగా ఏం రాయాలనుకుందో మర్చిపోతుంది.

ఎయులోహియా రెంటిలోనూ లేదు. ప్రొఫె ఎంత చెప్పినా ఏదీ వేసుకోనంది. రొట్టెలు కొనుక్కుని పచ్చ తలుపు తడుతుంది. అక్క ఇంటికి వచ్చే జాలర్లు చెప్పే దీవుల కబుర్లన్నీ గడప దగ్గర నిలబడే చెప్పేస్తుంది, లోపలికి రమ్మంటే రొట్టె చల్లారిపోతుందంటుంది. ఆవిడ వెళ్ళాక ప్రొఫె కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని అదంతా ఇతాతీ కోసం ఒక యాప్‌లో, సెయిబోలో ఉండిపోయిన వాళ్ళ కోసం ఇంకో యాప్‌లో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంది. ఆ సమయంలో ఆవిడని పలకరించకపోవడమే మంచిది.